ఫోర్క్‌లిఫ్ట్ దైనందిన భద్రతా తనిఖీ

ఫోర్క్‌లిఫ్ట్ దైనందిన భద్రతా తనిఖీ అనగా బరువులను ఎత్తి, మోసి, పేర్చే ఫోర్క్‌లిఫ్ట్ యంత్రాన్ని పనిలోకి దించే ముందు దానిని నడిపే ఆపరేటరే స్వయంగా పరిశీలించి, కనిపించిన లోపాలను నమోదు చేసే విధానం. నిర్ణీత గంటలకొకసారి మెకానిక్కులు చేసే సర్వీసింగు దీనికి వేరు.

విశాఖపట్నం నగరంలోని గాజువాక పరిసరాలలో ఈ యంత్రాల అవసరం ఎక్కువ. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం నౌకాశ్రయం, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, 2009లో మొదలైన గంగవరం రేవు, ఆటోనగర్ పరిశ్రమలు ఈ ప్రాంతం చుట్టూ ఉన్నాయి. 2003లో విశాఖ కంటెయినర్ టెర్మినల్ పని ప్రారంభించింది. కంటెయినర్లలోని సరుకును దించి గోదాములలో పేర్చడానికి ఫోర్క్‌లిఫ్టే ముఖ్య సాధనం.

'''ఎందుకు అవసరం'''

చూడటానికి చిన్న బండి వలె కనిపించినా, 3 టన్నులు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ సొంత బరువు 4 టన్నులకు పైగా ఉంటుంది. ముందున్న సరుకుకు సరితూగేలా వెనుక పెద్ద బరువును అమరుస్తారు. మోటారు కారుకు భిన్నంగా ఇది వెనుక చక్రాలతో మలుపు తిరుగుతుంది. అందువలన అరిగిన టైరు, వదులైన స్టీరింగు వంటి చిన్న లోపం కూడా బండి ఒరిగిపోవడానికి దారి తీయవచ్చు. ఒరిగే బండి నుండి బయటకు దూకబోయి దాని కిందే నలిగి మరణించిన ఆపరేటర్లు అనేక దేశాలలో ఉన్నారు. సీటుబెల్టు తనిఖీని తేలికగా తీసుకోరాదనడానికి కారణం ఇదే.

'''తనిఖీ విధానం'''

మొదట ఇంజను ఆపి ఉంచి బండి చుట్టూ తిరిగి చూస్తారు. అన్నిటికంటె శ్రద్ధగా చూడవలసినది ఫోర్కు మడమ, అనగా ఫోర్కు నిలువు భాగం నుండి అడ్డంగా వంగే చోటు. ఇక్కడ మందం 10 శాతం అరిగితే ఆ ఫోర్కును తొలగించాలి. 40 మి.మీ. ఫోర్కు 36 మి.మీ.కు తగ్గితే కంటికి తేడా తెలియదు. కాని వంగుడును తట్టుకునే బలం మందం యొక్క వర్గాన్ని అనుసరిస్తుంది. 0.9ని 0.9తో గుణిస్తే 0.81. అంటే పదవ వంతు అరుగుదలతో దాదాపు అయిదవ వంతు బలం పోయినట్లే. పాఠశాలలో నేర్చిన వర్గాల లెక్క ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది.

మాస్టు గొలుసులు రెండూ సమానంగా బిగువుగా ఉన్నవో లేదో చూడాలి. సముద్రపు ఉప్పుగాలి వలన విశాఖ తీరంలో తుప్పు త్వరగా పడుతుంది గనుక లింకుల మధ్య కూడా పరిశీలించాలి. మాస్టులోకి చేయి పెట్టరాదు. హైడ్రాలిక్ గొట్టం కారుతున్నదేమోనని చేతితో తడిమి చూడటం మరింత ప్రమాదకరం. సూదిమొన వంటి రంధ్రం నుండి ఒత్తిడితో వచ్చే నూనె చర్మంలోకి చొచ్చుకుపోతుంది. అట్టముక్కను అడ్డుపెట్టి చూడాలి. టైర్లు, చక్రాల నట్లు, ఎంత బరువు ఎత్తవచ్చునో తెలిపే పలక కూడా చూడాలి. బ్యాటరీ బండి అయితే, ఛార్జింగు వేళ హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది గనుక దగ్గరలో నిప్పు ఉండరాదు.

తరువాత ఇంజను నడిపి బ్రేకులు, స్టీరింగు, హారన్, దీపాలు పరీక్షిస్తారు. బరువు లేకుండా ఫోర్కులను పూర్తిగా పైకెత్తి దించుతారు.

'''నిబంధనలు'''

క్రేన్లు మొదలైన ఎత్తే యంత్రాలను కనీసం 12 నెలలకొకసారి క్షుణ్ణంగా పరీక్షింపజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షను నిర్దేశించింది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఏటా జరిగే పరీక్ష నిన్న రాత్రి తెగిన గొట్టాన్ని పట్టుకోలేదు. అమెరికా నిబంధనల ప్రకారం ఫోర్క్‌లిఫ్ట్‌ను కనీసం రోజుకొకసారి, రాత్రింబవళ్ళు నడిచే చోట ప్రతి షిఫ్టు తరువాత పరిశీలించాలి. మూడు షిఫ్టులు నడిచే గాజువాక వంటి చోట ఉదయం ఒక్కసారి చేసే తనిఖీ చాలదు.

తనిఖీ పుస్తకంలో బండిని చూడకుండానే టిక్కులు పెట్టడం ఈ విధానానికి పెద్ద బెడద. లారీలు వరుసలో ఎదురు చూస్తున్నప్పుడు బండిని ఆపే అధికారం ఆపరేటరుకు లేకపోతే పుస్తకం లాంఛనమే అవుతుంది. లోపం కనిపిస్తే బండికి "వాడరాదు" అనే చీటీ కట్టి, తాళంచెవిని సూపర్‌వైజరుకు అప్పగించి, తరువాతి షిఫ్టు వారు చదివేలా పుస్తకంలో వ్రాయాలి. మరమ్మతు చేసిన మెకానిక్ సంతకం పడిన తరువాతనే బండి తిరిగి పనిలోకి వస్తుంది.