పుట్టుకే అభియోగమైననాడు

సూళ్లూరుపేట నుండి పులికాట్ నీటిని దాటి తూర్పునకు పోతే శ్రీహరికోట. రాకెట్ల కేంద్రం రాకపూర్వం అచ్చటి అడవిలో యానాదులు తేనె, మూలికలు, వంటచెరకు సేకరించి బ్రతికేవారు. ఆ జాతివారిలో పలువురిని కూడ నేరస్థజాతుల చట్టం విడువలేదు.

1871లో ఉత్తరాదిన పుట్టిన ఈ శాసనం 1911లో మదరాసు రాజధానికి వచ్చింది. దీని చమత్కారం, క్రౌర్యమనడమే సబబు, గమనింపదగినది. మామూలు వ్యాజ్యంలో ముద్దాయి ఏ నేరం, ఏనాడు, ఎక్కడ చేశాడో అభియోగంలో ఉండితీరాలి. వకీలు దానినిబట్టే సాక్షులను అడ్డుప్రశ్నలు వేస్తాడు. ఆ రాత్రి తన కక్షిదారు వేరొక ఊర ఉన్నాడని రుజువు చేస్తాడు. పుట్టుకే అభియోగమైతే ఎవరిని ప్రశ్నించాలి? ఏ జాతి నేరస్థజాతియో తెలిపే ప్రభుత్వ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించరాదని చట్టంలోనే వ్రాసుకొన్నారు. పట్టీకెక్కినవాడు వ్రేలిముద్ర వేయాలి, పిలిచినప్పుడు హాజరు కావాలి.

నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ వ్యాజ్యాన్ని కోర్టు వెలుపల నడిపారు. యానాదులను సంఘటితపరచి, చట్టం రద్దుకై ఏళ్లతరబడి శ్రమించారు. మదరాసులో 1947లోను, దేశమంతటా 1952 ఆగస్టు 31నాడును అది రద్దయింది.

అరెస్టయినవానికి కారణం తెలుపవలెననీ, తాను కోరిన న్యాయవాదిని సంప్రదించనీయవలెననీ 1950 నాటి రాజ్యాంగం 22వ అధికరణం శాసించింది. 1987 నాటి చట్టం షెడ్యూల్డు తెగలవారికి వకీలు సాయం ఉచితం చేసింది. యానాదులు ఆ తెగలలోనివారే. ఇక ముద్దాయి చేయవలసిందల్లా అభియోగాన్ని చదివి వివరింపుమని కోర్టును కోరడం, తనకు ప్రతికూలమైనదానితో సహా జరిగినదంతా వకీలుకు చెప్పడం. జరిగిపోయినదాన్ని గూర్చి నమ్మి చెప్పిన ఆ మాటలను, కక్షిదారు సమ్మతి లేనిదే, వకీలు బయటపెట్టరాదు.