నగిషీ
మలేషియా బంగారు నగల గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో, నగల మీద చేసే పని కాబట్టి దానికి నగిషీ అని పేరొచ్చిందని రాశారు. వినడానికి బాగుంది గానీ, నగకూ నగిషీకీ చుట్టరికం లేదు. అరబ్బీలో 'నక్ష్' అంటే చెక్కడం, చిత్రించడం. ఆ పనివాడు నక్కాష్, ఆ పనితనం పారసీలో నక్కాషీ. దక్కన్ ఉర్దూ మీదుగా మన దగ్గరికొచ్చి నకాషీ, నగిషీ అయింది. చేర్యాల పటాలు గీసే నకాషీల పేరు ఇందులోంచి వచ్చిందే. పొలం గట్ల వివాదంలో విప్పి చూసే నక్షా కూడా దీని తోబుట్టువే. అంత విశాలమైన మాట ఇప్పుడు తలుపు చెక్కలకూ నగలకూ కుదించుకుపోయింది. బంగారు రేకును లక్క మీద పరిచి, చిన్న ఉలితో కొట్టి కొట్టి లక్ష్మీదేవిని ఉబ్బెత్తుగా తేల్చిన హారాన్ని మన కొట్లలో నక్షీ అంటున్నారు. అరబ్బీ మాట అమ్మవారి నగకు పేరుగా నిలవడం నాకెంతో ఇష్టం. ఆ వ్యాసం చెప్పిన మలేషియాలోనూ ఈ పనితనానికి చోటుంది: కౌలాలంపూర్‌లో 1998లో తెరిచిన ఇస్లామిక్ కళల మ్యూజియంలో నగలకూ ఒక గ్యాలరీ ఉంది. లతలు, నక్షత్రపు గళ్ళు, అక్షరాల అల్లిక ఇస్లామిక్ కళకు ప్రాణం. నక్ష్ అనే మాట పెరిగింది వాటి మధ్యే. మన వైపు నుంచి మాటలు అటూ వెళ్ళాయి. మలయ్‌లో బంగారాన్ని 'ఎమాస్' అంటారు. దాని మూలం సంస్కృత 'మాషం' అని కొందరు నిఘంటుకారులు చెబుతారు. మాషమంటే మినుము, ఆపైన కంసాలి తూకం. ముస్లిం పెళ్ళిలో వరుడు వధువుకిచ్చే మెహర్‌కు అక్కడి పేరు 'మాస్ కహ్విన్', అంటే పెళ్ళి బంగారం.