మంచు మీద చేతికర్ర: వెదురు నుంచి కార్బన్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక కర్ర చరిత్ర చెప్పుకుందాం. మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్లు చేతుల్లో పట్టుకునే కర్రలు. వాటినే స్కీ పోల్స్ అంటారు. సింహాద్రిపురం ఎండలో కూర్చుని మంచు మాటలేంది అంటారేమో! నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. మంచుకొండలు మనకిప్పుడు పరాయివి కావు. పైగా కర్ర ఎంచుకునే విద్య మన గొర్రెల కాపరికీ, మేదరికీ కొత్తదేం కాదు.

మొదట్లో కర్ర ఒక్కటే. 1924లో స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్ దగ్గర చాలా పాత స్కీలు దొరికినాయి. వయసు ఐదువేల ఏళ్ల పైమాటే. వాటితో పాటు ఒక కర్ర కూడా ఉంది. దాని కొస పార మాదిరి వెడల్పుగా ఉంది. అంటే తోసుకోవడానికీ, మంచు తవ్వడానికీ అదే పనిముట్టు. 1890ల్లో ఆస్ట్రియాలో మథియాస్ జ్డార్‌స్కీ కొండ దిగే పద్ధతి నేర్పినప్పుడు కూడా ఒకటే పొడుగాటి కర్ర. చేతికొకటి చొప్పున రెండు కర్రలు పట్టడం ఆ తర్వాతే మామూలైంది.

రెండు చేతులా రోజంతా ఎత్తి దించాలంటే బరువు తగ్గాలి కదా! అక్కడే మన ఆసియా వెదురుకు గిరాకీ వచ్చింది. వెదురు లోపల బోలు, మధ్యమధ్య కణుపులు, పైపొరలో నార దట్టం. అందుకే తేలిక, అయినా గట్టి. మన లాఠీకి, కర్రసాముకి మాత్రం లోపల బోలు లేని గట్టి వెదురు వాడతారు. అది దెబ్బ కాయాల్సిన కర్ర. మంచు కర్ర వేలసార్లు లేచి పడాల్సిన కర్ర. పనిని బట్టి వెదురు మారుతుంది. లేత వెదురు కొడితే ఎండినాక ముడుచుకుంటుంది, పురుగు పడుతుంది. మూడు నాలుగేళ్లు ముదిరిందే పనికొస్తుంది.

1958లో అమెరికాలో ఎడ్ స్కాట్ అనే ఆయన, కిందికి పోయేకొద్దీ సన్నబడే అల్యూమినియం గొట్టంతో పోల్ తయారుచేసినాడు. వెదురు, స్టీలు కర్రలు వెనక్కిపోయినాయి. 1970ల నుంచి కార్బన్ నారతో చేసినవి కూడా వచ్చినాయి. అవి ఇంకా తేలిక.

మరి ఏది మంచిది? దీనికి నేనొక ప్రశ్న అడుగుతాను: అది విరిగేటప్పుడు ఎట్లా విరుగుతుంది? వెదురు నిలువునా చీలుతుంది, గుడ్డపీలికతో బిగించి కట్టుకుంటే ఇంటిదాకా వస్తుంది. అల్యూమినియం వంగుతుంది. మెల్లగా సరిచేసుకోవచ్చు, కానీ ఒకసారి వంగినచోట బలం తగ్గుతుంది. కార్బన్‌కు స్కీ పదునంచు తగిలి గాటు పడితే పైకి పెద్దగా కనబడదు, ఏదో ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. లిఫ్టులు, చదును చేసిన దారులు ఉన్నచోట అయితే ఇంకొకటి కొనుక్కోవచ్చు. దారే లేని కొండల్లో, మనిషే కనబడని చోట, విరిగిన కర్రతోనే మిగిలిన దూరమంతా రావాలి. మందతో ఊరు దాటిపోయే కాపరి కూడా ఇదే లెక్క చూసుకుంటాడు.

అందుకే ఇప్పుడు చాలామంది పైభాగం కార్బన్, గాట్లు పడే కిందిభాగం అల్యూమినియం ఉన్న పోల్స్ ఎంచుకుంటున్నారు. పొడవు మార్చుకునేవైతే తిప్పి బిగించే రకం కంటే మీటతో నొక్కే రకం మేలు. మంచు గడ్డకట్టినా, చేతికి గ్లౌజులున్నా పనిచేస్తుంది. మన కర్రకు కింద పొన్ను ఎట్లాగో దీనికీ ఉక్కు ములికి ఉంటుంది. దాని పైనుండే చక్రం మెత్తటి మంచుకు వెడల్పుగా ఉండాల, లేకుంటే కర్ర దిగబడిపోతుంది.

చివరిగా ఒక మాట. మంచుచరియలు విరిగిపడే వాలుల్లో పోల్ తాడు మణికట్టుకు తగిలించుకోవద్దు. చరియ వచ్చి పడితే ఆ కర్రే మనిషిని లోపలికి లాగుతుంది. ఎంత మంచి కర్రయినా సరే, అప్పుడు వదిలేయాల్సిందే.

మళ్లీ ఇంకో చరిత్రతో కలుద్దాం. సెలవు.