పంక్తిమధ్యచిత్రము – ఆధారరేఖ

శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును హేతువులని తార్కికులు చెప్పుదురు. ముద్రితగ్రంథములందుఁ జిత్రమునకు వాక్యముతోడి సన్నిధి యెట్లు కలిగెనో విచారింపఁదగియున్నది.

1482లో వెనిసునగరమున ఎర్హార్డు రాట్‌డోల్టు యూక్లిడు క్షేత్రగణితమును ముద్రించుచు, రేఖాచిత్రములను బుటల యంచులందుఁ గూర్చెను. పాఠకుని దృష్టి వాక్యమును విడిచి యంచునకుఁ బోయి మరలి రావలసియుండెను. 1613లో రోమునగరమున వెలువడిన సూర్యకళంకలేఖలలో గెలీలియో వేఱుమార్గము త్రొక్కెను. శనిగ్రహము మేలైన యంత్రమునఁ జూచిన నెట్లుండునో, కొఱఁతగల యంత్రమునఁ జూచిన నెట్లుండునో చెప్పుచు, ఆ రెండురూపముల చిన్నచిత్రములను వాక్యమధ్యముననే పదములవలె నిలిపెను. అచ్చటఁ జిత్రము వాక్యమునకు వ్యాఖ్య కాదు, వాక్యాంగమే.

పదస్థానము పొందినది తక్కిన పదములతో నొక్కరేఖపై నిలువవలెను. అక్షరముల పాదములు నిలుచు నా కానరాని గీఁతయే యాధారరేఖ. లోహపుటచ్చులలో దాని స్థానము పోఁతలోనే యేర్పడును. చెక్కడపుదిమ్మె కట్టి నియమము లేదు. దాని యెత్తు అచ్చుల యెత్తునకు సరిపోవలెను. పిమ్మట నక్షరములు కూర్చువాఁడు క్రిందను మీఁదను సీసపుబద్దలు చేర్చి కంటికొలఁదిని సరిచేయవలెను.

1977లో అమెరికాదేశపు గణకశాస్త్రజ్ఞుఁడు డొనాల్డు క్నూత్ తన గ్రంథపు క్రొత్తకూర్పు ప్రతులను జూచి తృప్తినొందక, 'టెక్' అను నక్షరసంయోజనవిధానమును గల్పింపఁబూని, 1978లో దాని తొలిరూపమును సిద్ధపఱచెను. అందుఁ బ్రత్యక్షరము నొక పెట్టె. దానికి వెడల్పును, ఆధారరేఖకుఁ బైనుండు నెత్తును, క్రిందనుండు లోఁతును గలవు. వెలుపలనుండి తెచ్చిన చిత్రమునకు మాత్రము సామాన్యముగా నెత్తేగాని లోఁతుండదు. దాని యడుగంచు ఆధారరేఖపై నిలుచును.

దోషమిచ్చటనే పుట్టును. 'శాస్త్రము' అను పదమును బ్రతిబింబముగాఁ దీసి పంక్తిలో నుంచినచోఁ దకారపువత్తు యడుగు ఆధారరేఖపై నిలిచి, పదమంతయుఁ బైకెగయును. గణితమున నెగసిన చిన్నయక్షరము ఘాతమును దెలుపును గావున, అచ్చట స్థానదోషమే యర్థదోషమగును. వత్తులోఁతెంతయో యంతమేర చిత్రమును దింపుటయే దీనికిఁ బరిహారము.

శాసనాక్షరముల ప్రతిబింబములను వ్యాసమధ్యమునఁ జేర్చు పరిశోధకులు ఈ విషయమును గమనింపవలెను. పైకెగసిన యక్షరమును జూచి, శిలపైఁ జెక్కినవాఁడే దానినట్లు వ్రాసెనని పాఠకుఁడు భ్రమపడవచ్చును. ముద్రణమునఁ గలిగిన దోషము లేఖకునిపైఁ బడుట న్యాయముగాదు.