అమ్ముగూడ నుంచి ఉత్తరపారా దాకా

కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో సాయంత్రం పూట ఏ బడి గ్రౌండ్ పక్కన నిలబడినా, వీపు మీద ఎంబాపే పేరున్న జెర్సీ తొడుక్కున్న పోరడు ఒకడన్నా కనిపిస్తాడు. ఆ ఫ్రెంచ్ ఫార్వర్డ్ ఏ ప్రపంచకప్‌లో ఎన్ని గోల్స్ కొట్టాడో వాడికి నోటికి వచ్చు. అదే ఫ్రాన్స్‌ను మనవాళ్లు ఒకప్పుడు ఓటమి అంచుదాకా తీసుకుపోయారంటే మాత్రం నవ్వుతాడు. నవ్వడంలో వాడి తప్పేం లేదు, వాడికి చెప్పినవాళ్లెవరూ లేరు.

1960 రోమ్ ఒలింపిక్స్, గ్రోసెటో పట్టణం. 71వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్‌తో ఇండియాకు ఆధిక్యం వచ్చింది. ఇంకో ఎనిమిది నిమిషాలు ఆగితే గెలుపే అనగా, 82వ నిమిషంలో ఫ్రాన్స్ సమం చేసింది. అంతకుముందు మ్యాచ్‌లో హంగరీ 2-1తో గెలిచింది. ఏడేళ్ల తర్వాత బాలన్ డి ఓర్ అందుకున్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్న జట్టు అది. చివరికి కంచు పతకంతో ఇంటికి పోయింది. దాని మీద మనకొచ్చిన ఒకే ఒక్క గోల్, తర్వాత పెరూ చేతిలో 3-1తో ఓడినప్పుడు మనకొచ్చిన ఒకే ఒక్క గోల్, రెండూ ఒక్కడివే. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కనున్న అమ్ముగూడ కుర్రాడు, తులసీదాస్ బలరామ్.

బలరామ్ 1936లో పుట్టాడు. ఇంట్లో లేమి. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టే ఆయనతో వాటిని ఆటకు పనికొచ్చేలా బాగు చేయించుకున్నాడని చెప్పుకుంటారు. చిన్న క్లబ్బుల్లో ఆడుతుండగా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడ్డాడు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ మైదానం దాకా రోజూ వచ్చిపోవడానికి డబ్బుల్లేవని తెలిసి, కిరాయి సైకిల్‌కు రహీమే పైసలిచ్చాడు.

రహీం సాబ్ గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆయన బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన తీర్చిదిద్దిన తీరుకు సాక్ష్యం రోవర్స్ కప్పే: 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి నుంచి ఆ కప్పు హైదరాబాద్‌కే వచ్చింది. ఆటగాళ్లలో బంతిని కాళ్ల దగ్గరే అట్టిపెట్టుకునే అలవాటు పోగొట్టడానికి డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి పోటీలు జరిపించేవాడు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. కుడికాలు, ఎడమకాలు అన్న తేడా లేకుండా బంతిని తన్నే బలరామ్ ఆ బడిలోంచే వచ్చాడు. ఎడమ వింగ్‌లోనో, లోపలి స్థానంలోనో, మధ్యలోనో, ఎక్కడ నిలబెట్టినా అక్కడ ఇమిడిపోయేవాడు. గోల్ కొట్టగలిగి కూడా పక్కవాడికి పాస్ ఇచ్చే గుణం అతనిది. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్ అనే ముగ్గురిలో మూడోవాడిగా మిగలడానికి ఆ గుణం కూడా ఒక కారణమేమోనని నా అనుమానం. పేపర్ల హెడ్డింగుల్లోకి గోల్ కొట్టినవాడి పేరే ఎక్కుతుంది కదా.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి అతనికి ఇరవై ఏళ్లు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో, కంచు పతకం పోరులో బల్గేరియా చేతిలో ఓడి ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. అంతకన్నా పైకి మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో మళ్లీ పోలేదు. 1956-57, 1957-58ల్లో హైదరాబాద్ వరసగా రాష్ట్రాల జట్ల పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్టులోనూ బలరామ్ ఉన్నాడు. ఈలోపే కలకత్తా పిలిచింది.

కలకత్తా పిలిస్తే వెళ్లకుండా ఉండటం ఆ రోజుల్లో ఎవరి తరమూ కాదు. ఆట తెలిసిన జనం, నిండిన గ్యాలరీలు, ఉద్యోగం, పేరు అన్నీ అక్కడే. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన బలరామ్ 1961లో ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడు కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే, అత్యధిక గోల్స్ కెప్టెన్‌వే. హైదరాబాద్‌తో సంతోష్ ట్రోఫీ గెలిచిన మరుసటి ఏడే బెంగాల్ తరఫున అదే ట్రోఫీ అందుకున్నాడు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్ అని బెంగాలీలు ఆ ముగ్గురి పేర్లనూ ఇప్పటికీ కలిపే పలుకుతారు.

1962 సెప్టెంబర్ 4, జకార్తా, ఆసియా క్రీడల ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన దేశ ప్రతినిధి సోంధీ తప్పుపట్టాడని ఊరంతా ఇండియా మీద కోపంగా ఉంది. లక్షమంది జనం మన జట్టును గేలి చేస్తూ అరుస్తున్నారు. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో లేచొచ్చాడు. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ డిఫెన్స్ వదిలి ఫార్వర్డ్‌గా ఆడుతున్నాడు. గ్రూప్ దశలో 2-0తో మనల్ని ఓడించిన దక్షిణ కొరియానే ఎదురుగా ఉంది. పీకే ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారం మనదైంది. ఆ ఫైనల్లో బలరామ్ పేరు మీద గోల్ లేదు. ఫైనల్ దాకా రావడానికి జపాన్ మీద 2-0తో గెలిచిన మ్యాచ్ కావాల్సి వచ్చింది, అందులో ఒకటి అతనిది. ఆ ఏడే అర్జున అవార్డు వచ్చింది.

ఆ పైన ఏడాది తిరక్కుండానే అంతా అయిపోయింది.

1963లో బలరామ్ ఊపిరితిత్తులు జబ్బు పడ్డాయి. వింగ్‌లో పరుగెత్తే మనిషికి ఊపిరే పెట్టుబడి. ఈస్ట్ బెంగాల్ వదిలి రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు మారాడు. ఆడలేకపోయాడు. బూట్లు విప్పేసేనాటికి నిండా ఇరవై ఏడేళ్లు. ఆ వయసుకు చాలామంది ఫార్వర్డ్‌లు అప్పుడే ముదిరిన ఆటలోకి వస్తారు. అదే ఏడు జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. జకార్తాలో ఆయన జట్టును నడిపిస్తున్నప్పుడే జబ్బు ఒంట్లో ఉంది. కిరాయి సైకిల్‌కు పైసలిచ్చిన మనిషి, దాని మీద వచ్చి ఆట నేర్చిన మనిషి, ఒకే ఏడు మైదానానికి దూరమయ్యారు.

ఇలాంటి కథల్లో సాధారణంగా తాగుడో, జూదమో, పొగరో ఉంటుంది. చదివేవాడికి ఒక తృప్తి దొరుకుతుంది, చేసుకున్నవాడికి చేసుకున్నంత అని. బలరామ్ కథలో ఆ తృప్తి లేదు. ఒళ్లు మోసం చేసింది, అంతే.

హైదరాబాద్ మాత్రం ఒక్కసారిగా పడిపోలేదు. రహీం వేసిన పునాది మీద ఇంకో రెండు మూడేళ్లు నిలబడింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఆఖరు. ఆ తర్వాత మన వైపు నుంచి జాతీయ జట్టుకు వెళ్లేవాళ్లు పలచబడ్డారు. తప్పంతా క్రికెట్ మీద నెట్టేయడం తేలిక. క్రికెట్ జోరు కేరళలో, బెంగాల్‌లో కూడా ఉంది, అక్కడ ఫుట్‌బాల్ చావలేదు. మన దగ్గర ఆట ఒక పంతులు మీద, కొన్ని ఉద్యోగాల మీద నిలబడింది. పంతులు పోయాక ఆయన పద్ధతిని జిల్లాలకు, బడులకు తీసుకుపోయే పని ఎవరూ పెట్టుకోలేదు. కరీంనగర్ దాకా, ఆదిలాబాద్ దాకా ఆ పంట రానే లేదు. హైదరాబాద్‌లో పండింది హైదరాబాద్‌లోనే ఎండింది.

బలరామ్ తిరిగి రాలేదు. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఒక ఫ్లాట్‌లో ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. రైల్వే ఉద్యోగం, కొన్నాళ్లు పిల్లలకు శిక్షణ. ఒకప్పుడు తాను కెప్టెన్‌గా నడిపిన క్లబ్బుతో మనసు విరిగి దూరంగానే ఉన్నారు. చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు రాలేదు, ఆ బాధను ఆయన దాచుకోనూ లేదు. 2020 మార్చిలో పీకే, ఏప్రిల్‌లో చునీ వెళ్లిపోయారు. మిగిలిన ఒక్కరు 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో తుదిశ్వాస విడిచారు. ఎనభై ఆరేళ్లు. రహీం సాబ్ మీద తీసిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆ మరుసటి ఏడు ఏప్రిల్‌లో విడుదలైంది. అందులో బలరామ్ పాత్ర కూడా ఉంది.

మధ్యలో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు ఆశ పెట్టింది. 2022 మార్చిలో గోవాలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. రెండేళ్లు తిరిగేసరికి జీతాల బకాయిలతో కుదేలై, 2025లో ఊరే మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది.

2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది. స్టేడియం మనది. ఆడింది బెంగాల్, కేరళ. బెంగాల్ 1-0తో గెలిచింది.