పల్లకి, రైలు, చక్రాల కుర్చీ

1537లో కెంపేగౌడ కోట కట్టించి, దొడ్డపేట చిక్కపేట వీథులను ఒండొంటికి అడ్డముగ తీర్చి, వృత్తికొక పేట చొప్పున వర్తకులను, చేతిపనివారిని కుదిర్చెనని చెప్పబడు బెంగళూరు పాతనగరమున, నగర్తలను వణిజుల పేర వెలసిన వీథి నగర్తపేట. కన్నడము, తెలుగు, తమిళము ఒకే అంగడి గడపలో వినవచ్చు ఈ పేట చెంతనే ధర్మరాయస్వామి ఆలయమున్నది. చైత్రపూర్ణిమనాటి రాత్రి కరగపు ఊరేగింపు ఈ సందులగుండనే వెడలును. ఇచ్చటి పాతయిండ్ల కట్టడి యొకటే తీరు: వీథికి మోకాలెత్తున అరుగు, అరుగు దాటిన గడప, గడప లోపల నిటారుగ మేడమెట్లు. నడువలేని పెద్దలను కుర్చీతో సహా ముందొకరు, వెనుకొకరు పట్టి, "నిదానంరా, గోడ తగులుతుంది" అనుచు దించు మనుమలను పేటవారందరును చూచియే యుందురు. అట్టి యింటి కుటుంబమొకటి ఆ తాతనో, అవ్వనో వెంటగొని లండను నుండి పారిసునకును, అటనుండి జర్మనీ, స్విట్జర్లాండు దేశములకును రైళ్లమీదనే తిరిగి వచ్చుట నేడు సాధ్యమైన సంగతి. ఆ సాధ్యత యొక్కనాట సమకూడినది కాదు. దాని వెనుక మూడువందల యేండ్లకు మించిన కథ కలదు.

మనవైపు కథ భుజములమీద మొదలైనది. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాషీగ నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరునంతవరకు, తల్లిని, భార్యను, పెద్ద పరివారమును వెంటగొని కాశీయాత్ర సాగించినది పల్లకీలలో. ఆయన దినచర్య 1838లో అచ్చయినది; దాని పుటల నిండ పల్లకి మోయు బోయీల ప్రస్తావనయే. ఆ కాలమున కలవారికి మోయబడుట ప్రయాణ సంప్రదాయమే గాని వైకల్యమునకు గుర్తు కాదు. నడువగలవాడును, నడువలేనివాడును ఒకే పల్లకిలో ఒకే విధముగ కూర్చుండెడివారు. తిరుమల కొండకు మొదటి ఘాటురోడ్డు 1944లో పడినదాక వృద్ధులు, రోగులు డోలీలలో ఎక్కెడివారు. ఈ యేర్పాటును పాతకాలపు వైభవముగ పొగడుటకు నా మనసొప్పదు. ఒకరి యాత్ర మరియొకరి వెన్నెముకపై సాగుట, ఆ బోయీల భుజములు కాయలు కాచుట మరువరాని సత్యములు. పైగా ఆ భుజములు డబ్బున్నవారికే దొరకెడివి.

1864లో మదరాసు రైల్వేవారు జోలార్‌పేట నుండి బెంగళూరు దండు స్టేషనువరకు ఇనుపదారి వేసి రైలు నడిపినప్పుడు పల్లకీల కాలము తీరిపోయినది. అణాలు చెల్లించిన ప్రతివాడును ఆ బండికి అర్హుడే. పేటలోని చిల్లర వర్తకుడును దొరవారును ఒకే యింజను వెనుక పోవలసినవారే. అయితే ఆ పెట్టెకు ఎక్కవలెనన్న రెండు కాళ్లు ఉండితీరవలెను. మెట్లు ఇరుకు, తలుపు ఇరుకు, నిలుచు వ్యవధి స్వల్పము. కాళ్లున్నవానిని రైలు సమానునిగ చేసెను. లేనివానిని సామానుగ చేసెను. కూలీల చేతులమీద ఎత్తబడి, మూటలవలె లోనికి చేర్పబడుట వాని పాలిటి ప్రయాణమైనది.

ఐరోపా ఇందుకు మినహాయింపు అనుకొనరాదు. నూరెంబర్గు సమీపమున ఆల్ట్‌డార్ఫ్ అను పట్టణములో, నడువలేని గడియారాల పనివాడగు స్టెఫాన్ ఫార్ఫ్లెర్ 1655లో చేతితో త్రిప్పుకొను మూడు చక్రాల కుర్చీని తనకు తానే చేసికొనెను. అట్టి కుర్చీలు పుట్టిన ఖండముననే, రైళ్లు వచ్చిన తరువాత శతాబ్దమునకు పైగా, కుర్చీవారికి దొరకిన తావు సామాను పెట్టె. ఇంగ్లండులో గార్డుపెట్టెలో, పార్సెళ్ల నడుమ, సైకిళ్ల ప్రక్కన, వెచ్చదనము లేని ఆ చీకటిలో వారు గంటలకొలది కూర్చుండెడివారు. వెంటవచ్చిన భార్యాబిడ్డలు ముందు పెట్టెలో మెత్తని ఆసనములపై కూర్చుండవలసివచ్చెడిది. 1980ల వరకు ఈ దుస్థితి కొనసాగినదనుట తలచుకొన్న ఇప్పటికిని బాధ కలుగును.

మార్పునకు కారణము యంత్రముకంటె ముందు మనుష్యులు. గనిప్రమాదమున వెన్నెముక దెబ్బతిన్న హెర్బర్ట్ ఎవరెస్ట్, అతని మిత్రుడైన ఇంజనీరు హ్యారీ జెన్నింగ్స్ కలసి 1930ల ఆరంభమున మడచి కారులో పెట్టుకొనదగిన లోహపు కుర్చీని అమెరికాలో నిర్మించిరి. జర్మనీలో యూదులపై సాగిన హింసను తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నెముక గాయముల విభాగమును తెరచి, అంతకుముందు మంచములపైననే మరణించెడి యువకులను బ్రతికించి, ఉద్యోగములకు, ఆటలకు పంపెను. బ్రతికినవారు ఇంటిలో కూర్చుండుటకు అంగీకరింపలేదు. 1990లలో లండను వీథులలో వికలాంగులు బస్సులకు తమ్ము తాము సంకెళ్లతో బంధించుకొనిరి. 1995లో అచ్చట వికలాంగులపట్ల వివక్షను నిషేధించు చట్టము వచ్చినది, 1998లో రైలుపెట్టెల నియమములు వచ్చినవి. ఐరోపా సమాఖ్య 2007లో చేసిన రైలు ప్రయాణికుల హక్కుల నిబంధన 2009 డిసెంబరు 3 నుండి అమలయినది. వికలాంగులకు చేయు సహాయమునకు రుసుము వసూలు చేయరాదని అది శాసించెను. సహాయము కావలెనని నలుబదియెనిమిది గంటల ముందు తెలుపవలెనను నియమమును 2023 జూన్ 7 నుండి ఇరువదినాలుగు గంటలకు తగ్గించిరి.

ఆ సహాయము తలుపుకడ ఎట్లుండునో చూతము. అచ్చటి దూరప్రయాణపు పెట్టెల నేల పట్టాలనుండి సుమారు నాలుగడుగుల ఎత్తున నుండును; జర్మనీలో పెక్కు ప్లాట్‌ఫారములు 760 మిల్లీమీటర్ల ఎత్తు. మన దేశములోని ఎత్తైన ప్లాట్‌ఫారములును 760 నుండి 840 మిల్లీమీటర్ల నడుమనే యుండును; మన పెట్టెల నేలయు దాదాపు ఆ నాలుగడుగుల ఎత్తుననే యుండును. కావున అక్కడను, ఇక్కడను కుర్చీకి అడ్డుపడునది ఒకటిన్నర అడుగు. అచ్చట స్టేషను ఉద్యోగి చిన్న చక్రములపై ఒక ఇనుప ఎత్తుబండిని త్రోసికొని తలుపు ముందర నిలుపును. కుర్చీని దాని పలకపై ఎక్కించి, వెనుక అడ్డుకమ్మీ వేసి, చేతిపిడిని గుండ్రముగ త్రిప్పును. పలక మెల్లగ లేచి తలుపుమట్టమునకు రాగానే ముందరి రేకు వంతెనవలె వాలును; ప్రయాణికుడు ఎవరి చేతిని తాకకయే తన చక్రములను తానే త్రిప్పుకొని లోనికి పోవును. విద్యుత్తు కూడ అక్కరలేని ఈ సాధనమును మన పేటలోని కమ్మరి యెవరైనను చేయగలడు. తేడా సాధనమునందు లేదు. దానిని తలుపుకడకు తెచ్చితీరవలెనను చట్టమునందును, దానిని పాటించు దినచర్యయందును ఉన్నది.

లోపములు లేవని చెప్పరాదు. ముప్పది మొదలు 205 మీటర్ల నిడివిగల రైలులో కుర్చీలకు కనీసము రెండు తావులుండవలెనని ఐరోపా ప్రమాణము. ఆ తావుల కొలత 700 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల నిడివిగల కుర్చీని ఉద్దేశించినది. ఆ రెండు తావులును నిండినచో తరువాతి బండియే గతి. తోడుండువారికి ప్రక్కన ఒక ఆసనమే దొరకును గనుక అయిదుగురు కుటుంబీకులు రెండు చోట్లకు విడిపోవలసివచ్చును. మనవారి ప్రయాణమున అన్నము, పచ్చడి, మాటలు కలసి సాగునవి కావున ఈ విడిపోవుట చిన్న వెలితి కాదు. స్విట్జర్లాండు 2004లో అమలయిన చట్టముతో తన స్టేషనులన్నిటిని సరిచేయుటకు ఇరువదియేండ్ల గడువు పెట్టుకొనెను. 2023 చివర గడువు ముగిసినను పని ముగియలేదు.

ఇక మన వీథికి వత్తము. స్వయముగ వికలాంగురాలైన ఎన్.ఎస్. హేమ 1959లో ఈ బెంగళూరులోనే వికలాంగుల సంఘమును స్థాపించిరి. అనగా ఈ నగరమునకు ఆ చింత క్రొత్తది కాదు. 2017 జూన్‌లో చిక్కపేట భూగర్భ మెట్రో స్టేషను తెరచినప్పుడు నగర్తపేట చరిత్రలో ఒక గొప్ప మార్పు, ఎక్కువమంది గమనింపకయే, సంభవించినది. లిఫ్టులో దిగి, ప్లాట్‌ఫారమును పెట్టె నేలయు ఒకే మట్టమున కలియుచోట, ఎవరిచేతను ఎత్తబడకుండ రైలెక్కి, మరుసటి స్టేషనగు మెజెస్టిక్‌లో దిగవచ్చును. అచ్చట వీథికి ఆవల పెద్దరైలు స్టేషనులో ఆ ఒకటిన్నర అడుగు మరల ఎదురగును. తిరుపతికో, మదరాసుకో పోదలచిన అవ్వ, "నా కోసం మీరంతా ఎందుకు కష్టపడటం, మీరు వెళ్లి రండి" అని అరుగుమీదనే ఆగిపోవును. ఆమె మొగమాటమునకు కారణము వయస్సు కాదు, ఆ ఎత్తు.

రైళ్లలో వికలాంగులకు ప్రత్యేకపెట్టెలున్నవి, చార్జీలో రాయితీ యున్నది, వందే భారత్ బండ్లలో కుర్చీకి తావును, అనువైన మరుగుదొడ్డియు ఉన్నవి. కాని పెట్టెలో తావుండుట యొకటి, ఆ తావును చేరుట మరియొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టపు 41వ సెక్షను రవాణా సౌకర్యమును ప్రభుత్వ బాధ్యతగ స్పష్టముగ చెప్పుచున్నది. కావున చదువరులకు నా మనవి: ఇంటిలో నడువలేనివారున్నచో వారిని వదలి టిక్కెట్టు కొనవలదు. ప్రయాణమునకు ముందుగనే స్టేషను మేనేజరునకు లిఖితముగ తెలిపి, ఆ సెక్షనును పేర్కొని, వాలుపలకనో ఎత్తుబండినో తలుపుకడకు తెమ్మని అడుగుడు. లేదన్నచో ఆ మాటను వ్రాతలో తీసికొని పై అధికారికి పంపుడు.