తిన్నదానికి లెక్క: ధాత కరవు నుండి ఇంటి నోటుపుస్తకం వరకు

రోగిని వైద్యుడు తప్పక అడిగే ప్రశ్నలలో "ఏం తింటారు?" అన్నది ఒకటి. దానికి మన ప్రాంతంలో సాధారణంగా వచ్చే సమాధానం "అందరూ తినేదే నండీ" అని. ఆ మాటలో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. మనిషి తాను తిన్నదానిని తలచుకొని చెప్పడం వేరు, తిన్నది తిన్నట్లు వ్రాసుకోవడం వేరు. ఈ రెంటి మధ్యనున్న దూరం ఎంతటిదో వైద్యశాస్త్రం గ్రహించడానికి చాలాకాలం పట్టింది. ఆ కథలో కొంత భాగం మన కరవు సీమలోనే జరిగింది.

కదిరి నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 వరకు అనంతపురం జిల్లాలోనిది. 1910కి పూర్వం కదిరి తాలూకా కడప జిల్లాలో ఉండేది. జిల్లాలు మారినా నేల మారలేదు. వాన తక్కువ, చెరువు నిండిన ఏడు పంట, నిండని ఏడు వలస. ఇక్కడివారికి ఆహారపు లెక్క ఆరోగ్యం కోసం పుట్టలేదు, ప్రాణం నిలుపుకొనడానికి పుట్టింది.

1876లో వానలు ముఖం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం గనుక పెద్దలు దానిని ధాత కరవు అన్నారు. 1878 వరకు సాగిన ఆ కరవులో మద్రాసు రాజధానిలో లక్షలాది మంది మరణించారు. అధికంగా దెబ్బతిన్న ప్రాంతాలలో బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలున్నాయి. ఖర్చు తగ్గించడానికి భారత ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో సహాయపు పనులలోని కూలీల భత్యాన్ని కుదించాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం విలువ, దానిపైన ఉప్పుకూ పప్పుకూ కొద్దిపాటి చిల్లర. పౌను అంటే సుమారు 450 గ్రాములు.

ఈ కోతను గట్టిగా ఎదిరించినవాడు మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరుగా ఉన్న వైద్యుడు కార్నిష్. ఆయన వాదన వట్టి జాలిమాట కాదు. 1863లోనే ఆయన మద్రాసు రాజధాని ప్రజల ఆహారాన్ని గురించీ, జిల్లా జైళ్ళలోని ఖైదీల ఆహారాన్ని గురించీ నివేదికల గ్రంథం వెలువరించాడు. ఏ జాతి ధాన్యం తింటారు, ఎంత తింటారు, శ్రమచేసే మనిషికి ఎంత కావాలి అన్నవి ఆయనకు అప్పటికే ఆలోచించిన విషయాలు. అందుచేత రాళ్ళు కొట్టే మనిషికి పౌను ధాన్యం చాలదని ఆయన లెక్క చూపి చెప్పగలిగాడు. కొన్ని నెలల తరువాత ప్రభుత్వం భత్యాన్ని పెంచింది.

నేటి కొలతలతో ఆ పౌనును తూచి చూద్దాం. 450 గ్రాముల ధాన్యం ఇచ్చే శక్తి దాదాపు 1,550 కేలరీలు. కఠిన శ్రమ చేసే 65 కిలోల పురుషునికి భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన శక్తి రోజుకు 3,470 కేలరీలు. నాటి కూలీల శరీరాలు చిన్నవే అనుకొన్నా, లోటు కళ్ళకు కట్టినట్లు కనిపిస్తుంది. తిన్నదానికి లెక్క ఉండడం, లేకపోవడం మనుషుల బ్రతుకును నిర్ణయించిన సందర్భం అది.

లెక్కకు కొలబద్ద కావాలి. ఏ పదార్థంలో ఏముందో తెలియకుండా తిన్నది వ్రాసినా ప్రయోజనం స్వల్పం. 1918లో మెక్‌కారిసన్ కూనూరులో చిన్న గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన క్రమంగా పోషకాహార పరిశోధనాలయంగా ఎదిగింది. 1935లో దాని అధిపతిగా వచ్చిన అయిక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించాడు. రాగులు, కొఱ్ఱలు, ఉలవలు, మునగాకు వంటి మన పదార్థాలకు శాస్త్రం వ్రాసిన చిట్టా అది. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 2017లో 528 ఆహార పదార్థాలకు కొత్త పట్టికలను కూడా వెలువరించింది.

1972లో ఆ సంస్థ ఆధ్వర్యంలో జాతీయ పోషకాహార పరిశీలక విభాగం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలలో పరిశీలకులు పల్లె ఇండ్లకు వెళ్ళి వంటచేసే ఇల్లాలి ఎదుట కూర్చొనేవారు. నిన్న ఉదయం నుండి నేటి ఉదయం వరకు ఏం వండారు, పచ్చిబియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత అని అడిగేవారు. వేర్వేరు పరిమాణాల ప్రామాణిక గిన్నెలను ముందుంచి, వండినది మొత్తం ఎంత, అందులో ఎవరెవరు ఎన్ని గిన్నెలు తిన్నారు అని గుర్తుచేయించేవారు. వండినదానిలో ఆ మనిషి వాటా ఎంతో తేలితే, పచ్చి సరుకులో అతని వాటా తేలుతుంది. దానిని పట్టికలతో పోల్చితే కేలరీలు, మాంసకృత్తులు, ఇనుము, విటమినులు తెలుస్తాయి.

ఈ పద్ధతిలో ఒక సూక్ష్మముంది. "మీ ఇంట్లో ఏం తింటారు?" అని అడిగితే ఇల్లంతటికీ ఒకే సమాధానం వస్తుంది. "ఎవరు ఎన్ని గిన్నెలు?" అని అడిగినప్పుడు ఇల్లు మనుషులుగా విడిపోతుంది. అందరికీ వడ్డించి చివర కూర్చొనే ఆమె పళ్ళెంలో పప్పు అడుగంటిందా, కూర మిగిలిందా అన్న సంగతి అప్పుడే బయటపడుతుంది. రక్తహీనత స్త్రీలలో ఎందుకు ఎక్కువో తెలియాలంటే కుండను చూస్తే చాలదు, గరిటె ఎటు తిరిగిందో చూడాలి.

ఆహారపు లెక్కలు పండితుల అభిప్రాయాలను సైతం తారుమారు చేశాయి. 1950, 60 దశకాలలో పేద దేశాల పిల్లలకు కొరవడినది మాంసకృత్తులే అని ప్రపంచమంతటా గట్టి నమ్మకం ఉండేది. ప్రత్యేక మాంసకృత్తుల పొడులను తయారుచేసి పంచడమే మార్గమనుకున్నారు. హైదరాబాదు శాస్త్రజ్ఞులు బడి ఈడు రాని పిల్లలు నిజంగా తింటున్నదానిని లెక్కించి చూశారు. ఆ పిల్లలు తినే అన్నం, సంగటి, పప్పుల కలయికలో మాంసకృత్తుల పాలు మరీ తక్కువేమీ కాదు. అసలు తినే పరిమాణమే చాలడంలేదు. కడుపునిండా అదే తిండి పెడితే చాలా భాగం లోటు తీరుతుందని తేలింది. సి. గోపాలన్, ఆయన సహచరులు ఈ వాదాన్ని ముందుకు తెచ్చారు. ఖరీదైన డబ్బా పొడి కంటె ఇంకొక ముద్ద అన్నం, దానిలో పప్పు, చెంచాడు నూనె పిల్లవానికి మేలు అన్న విషయం లెక్క చెప్పిన సత్యం.

పెల్లగ్రా కథ కూడా ఇటువంటిదే. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతిభ్రమ దీని లక్షణాలు. ఇతర దేశాలలో ఇది మొక్కజొన్న తినేవారి వ్యాధిగా ప్రసిద్ధం. దక్కను పీఠభూమిలో మొక్కజొన్న ప్రధానాహారం కాకపోయినా వ్యాధి కనిపించింది. రోగుల తిండిని విచారిస్తే వారు జొన్నమీద ఆధారపడినవారని తేలింది. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే ఆమైనామ్లానికీ ఈ వ్యాధికీ సంబంధం ఉందని ప్రతిపాదించారు. ఆ వివరణపై తరువాత చర్చలు సాగాయి గాని, రోగికి దారి చూపినది మాత్రం "ఏం తింటావు?" అన్న ప్రశ్నకు దొరికిన కచ్చితమైన జవాబే. జొన్నరొట్టె తప్పు కాదు. పప్పు, పాలు, ఆకుకూర తోడులేక జొన్న ఒక్కటే తినవలసివచ్చిన పేదరికం తప్పు.

ఇక కదిరి పళ్ళెం వైపు చూద్దాం. ఒకనాడు ఇక్కడి మెట్ట పొలాలలో రాగి, కొఱ్ఱ, సజ్జ, జొన్న పండేవి. వాటితోపాటు కంది, అనప, అలసంద, ఉలవ. సంగటి ముద్ద, ఊరిబిండి, ఉలవకట్టు, అనపగింజల పులుసు ఆ పొలంలోనుండి పళ్ళెంలోకి నడిచివచ్చినవే. తరువాత వేరుశనగ మెట్టనేలను ఆక్రమించింది. ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం పుణ్యమా అని విత్తనాల రకాలకే కదిరి పేరు అంటుకుంది. చెనిక్కాయలు చేతికి డబ్బు తెచ్చాయి, కాని చిరుధాన్యాలు, సాలు పంటలు వెనుకబడ్డాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. పండుగనాడు మాత్రమే వరియన్నం చూసిన ఇండ్లలో అది నిత్యాన్నమైంది. ఆకలిని తరిమిన ఆ పథకాన్ని తక్కువ చేయరాదు. కాని ఆకలి తీరిన తరువాత పళ్ళెంలో మిగిలినదేమిటో ఎవరూ తిరిగి లెక్క చూడలేదు.

ఇప్పుడు ఈ ప్రాంతపు మనిషి మూడు రోజులు తిన్నది వ్రాస్తే ఏం కనబడుతుంది? ఉదయం ఉగ్గాని, బజ్జీ. మరునాడు దోసె. మూడవనాడు ఇడ్లీ. మధ్యాహ్నం అన్నం, సాయంకాలం బొరుగులు, రాత్రి చిత్రాన్నం లేక అన్నమే. నోటికి ఆరు రుచులు, పేర్లు ఆరు. కాగితంమీద అవన్నీ చాలా వరకు ఒక్క బియ్యమే. బొరుగులు బియ్యం, దోసెలో ముప్పాతిక బియ్యం. "నేను అన్నం ఒక్కపూటే తింటాను" అనే మధుమేహ రోగి మాట నిజమే, అతడు బియ్యం నాలుగుసార్లు తింటున్నాడన్నదీ నిజమే. ఈ ఎఱుక నోటుపుస్తకం ఇచ్చేది, ఉపన్యాసం ఇవ్వలేనిది. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదు. భారతదేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైబడ్డారని 2023లో వెలువడిన జాతీయ పరిశీలన తెలిపింది గనుక ఈ లెక్క కాలక్షేపపు లెక్క కాదు.

చిల్లర తిండ్లు మరొక పాఠం. రోజుకు నాలుగు టీలు, ఒక్కొక్క దానిలో రెండు చెంచాల చక్కెర అనుకుంటే 40 గ్రాములు, అంటే 160 కేలరీలు. నెలకు కిలోకు పైగా చక్కెర. ఎవరైనా "నేను తీపి తినను" అన్నప్పుడు ఈ కిలో వారి జ్ఞాపకంలో ఉండదు. పిడికెడు వేయించిన చెనిక్కాయలు మంచి ఆహారమే, మాంసకృత్తులు పుష్కలం. కాని వాటి బరువులో నలభై శాతానికి పైగా నూనె ఉంటుందని, పిడికిళ్ళు లెక్కపెట్టిననాడు గుర్తుకు వస్తుంది.

మనిషి జ్ఞాపకం ఎంత మరచిపోతుందో 1992లో న్యూయార్క్ శాస్త్రజ్ఞులు కొలిచారు. రోజుకు 1,200 కేలరీలకంటె తక్కువే తింటున్నా బరువు తగ్గడంలేదని చెప్పిన పదిమందిని పరీక్షించారు. ఐసోటోపులు కలిపిన నీటిని త్రాగించి, శరీరం ఖర్చుచేసే శక్తిని కనుగొనే పద్ధతి వాడారు. వారి జీవక్రియలో దోషం లేదు. తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పుకొన్నారు. వారు మోసగాళ్ళు కారు. వంటచేస్తూ రుచిచూసినది, పిల్లలు వదలినది తిన్నది, పెళ్ళిలో రెండవసారి వడ్డించుకున్నది మనసు తిండిగా జమకట్టదు.

వ్రాయడమే కొంత చికిత్స అని మరొక పరిశోధన చూపింది. 2008లో అమెరికాలో దాదాపు 1,700 మందిపై వెలువడిన ఆ పరిశీలనలో, వారంలో ఆరు రోజులు తిన్నది వ్రాసినవారు, వ్రాయనివారికంటె సుమారు రెట్టింపు బరువు తగ్గారు. పుస్తకంలో వ్రాయవలసివస్తుందని తెలిసిన చేయి రెండవ బజ్జీ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణమే ఫలితం.

ఇంటికి తగిన లెక్క సులువైనది. ఒకటి సరుకుల లెక్క. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయితే, మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు. రెండు వేల కేలరీల ఆహారానికి సూచించినది 27 గ్రాములు. కిలో ఉప్పు అదే నలుగురికి నెలకు సరిపోతే మనిషికి రోజుకు 8 గ్రాములకు పైన. ఉండవలసినది 5 గ్రాములలోపు. రెండవది పళ్ళెపు లెక్క. మూడు రోజులు, అందులో ఒక ఆదివారమో పండుగరోజో ఉండేటట్లు, తిన్న వెంటనే వ్రాయాలి. సమయం, పదార్థం, ఎన్ని గిన్నెలు లేక ఎన్ని గరిటెలు, అంతే. ఇంటిలో వాడే ఒకే గిన్నెను కొలతగా పెట్టుకోవాలి. ఓళిగలు రెండు తింటే రెండని వ్రాయాలి, సిగ్గుపడి ఒకటి వ్రాస్తే డాక్టరు మందు ఆ ఒక్కదానికే సరిపోతుంది. ఏకాదశి ఉపవాసమైనా, రంజాను ఉపవాసమైనా ఉంటే ఆ దినాల లెక్క వేరుగా వ్రాయాలి.

కొన్ని జాగ్రత్తలు. ఇన్సులిన్, మధుమేహపు మాత్రలు వాడేవారు లెక్క చూసి తమంతట తాము తిండి తగ్గించరాదు. పుస్తకాన్ని వైద్యునికి చూపాలి. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలకు తగ్గించే లెక్క తగదు, చాలుతున్నదా అని చూసే లెక్క కావాలి. తిండిని చూసి భయపడే స్థితిలో ఉన్న యువతీయువకులకు ఈ పుస్తకం మేలు కంటె కీడు చేయవచ్చు. వారికి ముందు వైద్య సలహా అవసరం. లెక్క మనిషిని దండించడానికి కాదు.

ధాత కరవునాడు కదిరి కూలీ తిండిని ఇతరులు తూచారు, ఇతరులే వాదించుకున్నారు. అతని మాట ఏ దస్త్రంలోనూ చేరలేదు. ఈనాడు కలం మన చేతిలోనే ఉంది. మూడు రోజుల కాగితంతో డాక్టరు ఎదుట కూర్చొన్నవారు "అందరూ తినేదే" అనరు. ఏం తిన్నారో చెప్పగలరు. అక్కడినుండి సరైన వైద్యం మొదలవుతుంది.